గుంతలు చాలు సారూ, కాపలాకు కూలి ఇవ్వండి

అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి, అటవీ అధికారులకు, మొక్కలు నాటించడానికి డబ్బిచ్చే కంపెనీల పెద్దలకు, కళ్యాణదుర్గం వైపు ఒక గుట్టను కాసుకుంటున్న సంఘంలో సభ్యుణ్ణి రాసుకుంటున్న బహిరంగ లేఖ.

అయ్యా, అమ్మా,

పోయిన వానాకాలం మా ఊరికి రెండు కార్లు, ఒక వ్యాను వచ్చాయి. వ్యాను నిండా మొక్కలు. గుట్ట మొదట్లో ఫ్లెక్సీ కట్టారు, కుర్చీలు వేశారు, పలుగూ పారా తెప్పించారు. గుంతలు తియ్యబోతుంటే మా చిన్నాయన అడ్డమొచ్చి, "కొత్తగా తియ్యాల్సిన పన్లేదప్పా, పోయినేడు తీసినవి అట్లే ఉండాయి" అని చూపించాడు. నిజమే. ఒక్కో గుంతలో పోయినేటి మొక్క ఎండుపుల్లై నిలబడి ఉంది, పక్కనే దాని నల్ల కవరు. పుల్ల పీకేశారు, కొత్త మొక్క పెట్టారు, ఫోటో దిగారు, మజ్జిగ తాగి వెళ్లిపోయారు. ఆ ఫోటోలో నేనూ ఉన్నాను. ఎడమ చివర పార పట్టుకుని నవ్వుతున్నది నేనే. కాబట్టి ఈ లేఖలో నిష్ఠూరాలేమైనా ఉంటే అందులో నా వాటా కూడా ఉందనుకోండి.

పథకాల పేర్లు మారుతూ వచ్చాయి. 2016లో వనం మనం అన్నారు, 2020లో పచ్చతోరణం అన్నారు, 2024లో అమ్మ పేరు మీద ఒక మొక్క అన్నారు. గుంత మాత్రం అదే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడే జిల్లా మనది. అదీ ఒక ఏడు కురిసి రెండేళ్లు ఎగ్గొట్టే వాన. నా కంటబడ్డ ఎస్టిమేట్లలో మొక్క ఖరీదు ఉంటుంది, గుంత కూలి ఉంటుంది, రవాణా ఉంటుంది. ఏప్రిల్లో బిందెడు నీళ్లు పోసేదెవరు, మేకల్ని మళ్లించేదెవరు, గడ్డికి అగ్గి పడితే అర్ధరాత్రి పరిగెత్తేదెవరు? అక్కడికొచ్చేసరికి కాగితం అయిపోతుంది.

నేనడిగేది ఒకటే. నాటడానికి ఇచ్చే డబ్బులో సగమన్నా కాపాడటానికి ఇవ్వండి, దాన్ని కాపాడేవాళ్ల చేతికే ఇవ్వండి. మిగతా లేఖంతా దీనికి వివరణే. తీరిక లేనివాళ్లు ఇక్కడితో ఆపేసినా నాకేం బాధ లేదు.

ఊరి పేరు కావాలనే రాయలేదు. రాస్తే ఇదేదో ఆ ఒక్క ఊరి గొడవ అనుకుని పక్కన పెట్టేస్తారు. ఇట్లాంటి గుట్టలు, వాటిని అంటిపెట్టుకుని ఇట్లాంటి సంఘాలు మన జిల్లాలో ఉన్నాయి, కడపలో ఉన్నాయి, కర్నూల్లోనూ ఉన్నాయి. కొన్నింటికి పేరు కూడా లేదు. సాయంత్రం రచ్చబండ మీద కూర్చునే నలుగురే సంఘం.

నా చిన్నప్పుడు మా గుట్ట బోడిగుండు. చెనిక్కాయ పంట పోయిన ఏడల్లా ఊరు బతికింది కట్టెల మోపుల మీదే. అది తప్పని అననుగానీ, అట్లా నరుకుతూ పోతే చివరికి గుట్ట మీద రాళ్లూ, బొమ్మజెముడూ మిగిలాయి. 2009లో మా వీధి వాళ్లం కొందరం కూర్చుని మూడు మాటలు అనుకున్నాం. గొడ్డలి పోకూడదు, అగ్గి పడకూడదు, జీవాల్ని మాత్రం వంతులవారీగా వదలాలి. ఇంతే. ఒక్క మొక్క నాటలేదు. నాటే స్తోమత కూడా లేదు లెండి.

మొదటి ఏడు గడ్డి వచ్చింది. రెండో ఏడు బందారు, తంగేడు. మూడో ఏటికి ఎప్పుడో నరికేసిన మోడుల్లోంచి వేప, ఏపి, చండ్ర మనిషెత్తు పిలకలేశాయి. పైన ఏమీ లేకపోయినా కింద వేరు బతికే ఉంది. దాన్ని ఏటేటా మళ్లీ మళ్లీ కొట్టడమో, కాల్చడమో చేస్తున్నాం కాబట్టి లేవలేదు, అంతే. "నరికితే చెట్టు చావదురా, నరకతానే ఉంటే చస్తాది" అని మా అవ్వ అనేది. నర్సరీ మొక్క మూడు నెలల వేరుతో మన ఎండను ఎదుర్కోవాలి. మోడు కింద ఉన్నది ముప్ఫై ఏళ్ల వేరు. రెండింట్లో దేనిమీద డబ్బు పెట్టాలో చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు.

తర్వాత కుందేళ్లు కనిపించాయి, కౌజులు కూశాయి, నక్కలొచ్చాయి. ఒక ఏడు తోడేలు కూడా వచ్చింది. వచ్చి ఊరకుంటుందా, రెండు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయింది. ఆ రాత్రి సంఘం మీటింగు నాకు బాగా గుర్తు. గొర్రెల కాపరులు ఏదైనా చచ్చిన జీవానికి విషం పెట్టి తోడేలుకు వదిలేద్దామన్నారు. వాళ్ల కోపంలో అన్యాయమేమీ లేదు, పోయింది వాళ్ల సొత్తు. చివరికి ఊళ్లో చందా వేసి ఆ గొర్రెపిల్లల ఖరీదు ఇచ్చేశాం. నష్టపరిహారం కోసం తిరగొచ్చు కదా అని మీరనొచ్చు. తిరిగాం. తిరగడానికైన బస్సు ఛార్జీ, పోయిన కూలి లెక్కేసుకుంటే చందానే చవక.

మా గుట్ట చిన్నది. ఇదే పని పెద్ద ఎత్తున జరిగిన చోటు మన కళ్లముందే ఉంది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయిన చెన్నేకొత్తపల్లి వైపు, టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ అండతో పల్లెలవాళ్లు 1990ల మొదట్లో ఇట్లాంటి బోడి గుట్టల్నే కాయడం మొదలుపెట్టారు. అదే కల్పవల్లి. ఏడు వేల ఎకరాలకు పైగా నేల. అక్కడా ప్రధానంగా జరిగింది అగ్గిని ఆపడం, గొడ్డలిని ఆపడం, కాపలా మనిషిని పెట్టడం. బోద గడ్డి తిరిగొచ్చి ఇళ్ల కప్పులకు అక్కరకొచ్చింది, వంకల్లో ఈతచెట్లు గుంపులు గుంపులుగా లేచాయి, తోడేళ్లు చేరాయి.

చేరాక ఏమైంది? గాలిమరలు వచ్చాయి. రెవెన్యూ రికార్డులో ఆ నేల బంజరు. ఇరవై ఏళ్లు కాపాడినా రికార్డులో ఆ మాట మారలేదు. బంజరు కాబట్టి కేటాయించడం సులువు. గాలి కరెంటు ప్రాజెక్టులకు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ వర్తించదు, కాబట్టి ఆ నోటిఫికేషన్ కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణా ఉండదు. గుట్టల మీద రోడ్లు వేశాక, ఊళ్లవాళ్లు పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ గడప తొక్కాల్సి వచ్చింది. గాలి కరెంటు వద్దని నేననను, మా ఇంట్లోనూ ఫ్యాను తిరుగుతుంది. ఎవరో ఇరవై ఏళ్లు చెమటోడ్చి కాపాడిన చోటును రికార్డు ఖాళీ జాగా అంటుంటే, పక్క గుట్టవాడు ఏ ధైర్యంతో కాపలా మొదలుపెడతాడు?

ఇక అగ్గి సంగతి. ఇది కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓర్చుకోండి, ఎందుకంటే మీ ఆఫీసులకు చేరేది కాలిన ఎకరాల లెక్కే, ఆరిన అగ్గి లెక్క కాదు.

సంక్రాంతి దాటాక గడ్డి ఎండుతుంది. శివరాత్రి నుంచి మొదటి వాన దాకా మాకు నిద్ర ఉండదు. అగ్గి దానంతటది పడదు. బీడీ పారేసేవాడుంటాడు, పొలంలో కంప కాల్చి చూసుకోనివాడుంటాడు. నల్లగా కాలిన నేల మీద మొదటి వానకు పచ్చిక లేతగా మొలుస్తుందని కావాలని పెట్టేవాడూ ఉంటాడు. రెండేళ్ల కింద మార్చిలో రాత్రి పదకొండు దాటాక మా బావ ఫోన్ చేశాడు, పడమటి వాలులో వెలుగు కనిపిస్తోందని. వెళ్లేసరికి గాలి తిరిగింది. ఎండు బోద కాలేటప్పుడు వచ్చే చప్పుడు వినే ఉంటారు, పండక్కి టపాకాయల జడ కాల్చినట్టు. మేం పద్నాలుగు మంది. చేతుల్లో కానుగ కొమ్మలు, తంగేడు మండలు. పచ్చి కొమ్మతో కొట్టి ఆర్పడం తప్ప మా దగ్గర ఇంకో విద్య లేదు. ఒకరు ట్రాక్టర్లో డ్రమ్ములతో నీళ్లు తెచ్చారుగానీ బండి సగం దాకే ఎక్కింది. మిగతా సగం బిందెలే. ఆడవాళ్లు మోశారు.

గుట్టలో సగం రిజర్వు ఫారెస్టు, సగం రెవెన్యూ పోరంబోకు. మధ్యలో హద్దురాళ్లున్నాయి. అగ్గికి సర్వే నంబర్లు తెలియవు కాబట్టి అది హద్దు దాటింది, మేమూ దాటాం. బీటు గార్డు మూడు గుట్టల అవతల ఇంకో అగ్గి దగ్గర ఉన్నాడు. ఆయన్ని ఏమీ అనను, పాపం ఆ ఒక్క మనిషి ఎన్ని గుట్టలని చూస్తాడు. తెల్లారి నాలుగింటికి ఆరింది. ఒకతనికి కనుబొమలు కాలాయి, ఒకామెకు అరికాళ్లు బొబ్బలెక్కాయి. మర్నాడు పదిన్నరకి అందరూ కూలికి పోయారు, పోయినవాళ్లకు సగం కూలే ఇచ్చారు.

ఆ రాత్రి ఖర్చు చెబుతాను. ట్రాక్టరు డీజిలు, టార్చిలైట్ల బ్యాటరీలు, బొబ్బలకు మందు, తెల్లారి అందరికీ టీ, బన్ను. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఏ పద్దు కింద అడగాలి? మొక్కకు పద్దు ఉంది, గుంతకు పద్దు ఉంది, ఫ్లెక్సీకి కూడా ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. పచ్చి కొమ్మ పట్టుకున్న మనిషికి లేదు. అంతకుముందు ఏడాది మా కాపలా మనిషి ఒకాయన్ని ఎలుగుబంటి రక్కింది. చికిత్సకు చందాలే వేశాం. ఒక ఆఫీసులో అడిగితే ఆయన మా ఉద్యోగి కాదు కదా అన్నారు. కాదు, నిజమే. మరి ఆయన కాచింది ఎవరి అడవి?

అట్లాగని ప్రభుత్వం ఎప్పుడూ మా వైపు చూడలేదని అనడం అబద్ధం. ఉమ్మడి రాష్ట్రంలో 1992లోనే ఉమ్మడి అటవీ యాజమాన్యం మొదలైంది, వన సంరక్షణ సమితులు పుట్టాయి. 2002లో ప్రపంచ బ్యాంకు అప్పుతో సముదాయ అటవీ యాజమాన్యం అని ఇంకొంచెం ముందుకు జరిగారు. ఆ రోజుల్లో ఊరి మీటింగులకు రేంజరు గారే వచ్చి నేలమీద కూర్చునేవారని మా నాయన చెబుతాడు. ప్రాజెక్టు ముగిసింది, డబ్బు ఆగింది, మీటింగులూ ఆగాయి. మా పక్కూరి సమితికి ఇప్పుడు మిగిలింది రోడ్డు పక్క పసుపు బోర్డు. దానిమీద అక్షరాలు సగం తుప్పు తిన్నాయి, మిగతా సగం మీద ట్యూషన్ పోస్టరు అంటించారు. ఐదేళ్ల ప్రాజెక్టుతో యాభై ఏళ్ల చెట్టు రాదన్న సంగతి అప్పుడు డబ్బిచ్చినవాళ్లకు తెలియదా? తెలుసు. ప్రాజెక్టులన్నీ అంతే, చెట్టు వయసు చూసి గడువు పెట్టరు, ఆడిట్ చూసి పెడతారు.

కంపెనీల పెద్దలకు ఒక మాట. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం మీ లాభాల్లో రెండు శాతం సమాజానికి ఖర్చు పెడుతున్నారు, దాన్నే సీఎస్ఆర్ అంటారు, పర్యావరణం కూడా అందులో ఉంది, సంతోషం. కానీ ఆ డబ్బు మాలాంటివాళ్లకు నేరుగా చేరే దారి లేదు. 2021 నుంచి అమలైన నిబంధనల ప్రకారం బయటి సంస్థకు ఇవ్వాలంటే దానికి సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జి నమోదులు ఉండాలి, మూడేళ్ల అనుభవం కాగితాల మీద చూపించాలి. పదిహేనేళ్లకు పైగా కాస్తున్న గుట్ట అనుభవం కింద రాదు, ఆడిట్ రిపోర్టు వస్తుంది. కాబట్టి డబ్బు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్న సంస్థకు పోతుంది, అక్కణ్ణుంచి మొక్కల వ్యానై మా ఊరికొస్తుంది. వెనకటికి విదేశీ విరాళాలు తీసుకునే పెద్ద స్వచ్ఛంద సంస్థలు కొంచెం డబ్బు పక్కకు తీసి చిన్న సంఘాలకు అందించేవి. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టానికి చేసిన సవరణతో ఒక సంస్థ ఇంకో సంస్థకు ఆ డబ్బు బదిలీ చేయకూడదన్నారు. ఆ వంకా ఎండిపోయింది.

దీనికి దారి లేకపోలేదు. ప్రభుత్వమే ఏర్పాటు చేసిన సొసైటీకో ట్రస్టుకో సీఎస్ఆర్ డబ్బు ఇవ్వొచ్చని అవే నిబంధనల్లో ఉంది. కలెక్టర్ గారు తలచుకుంటే జిల్లాకు ఒక సొసైటీ పెట్టించి, అందులోంచి గుట్టలు కాసే సంఘాలకు నేరుగా ఏటా కాపలా కూలి ఇప్పించడం జరగని పనేమీ కాదు. లెక్క కూడా నేనే వేసి పెడతాను. మాకు నలుగురు మనుషులు కావాలి, జనవరి నుంచి జూన్ దాకా, అంటే నూట ఎనభై రోజులు. రోజుకు 300 రూపాయలు అనుకుందాం. 2,16,000 రూపాయలు. మొన్నటి మొక్కల పండగకు రెండు కార్లు, వ్యాను, మొక్కలు, షామియానా, భోజనాలు కలిపి ఎంతయిందో నాకు తెలియదుగానీ మీకు తెలుసు.

ఇప్పుడు జీవవైవిధ్య కమిటీల సంగతి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం 41వ సెక్షను ప్రతి పంచాయతీకి ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలంది. ఊరి చెట్టూ చేమా, పిట్టా పురుగూ, వాటి గురించి ఊళ్లోవాళ్లకు తెలిసిన సంగతులన్నీ ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లో రాయాలని దాని నిబంధనల్లో ఉంది. స్థానిక నిధి కూడా ఉండాలని చట్టంలో ఉంది. ఎంత మంచి చట్టమో! ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోకపోతే గ్రీన్ ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, దాటితే రాష్ట్రాలు నెలకు పది లక్షల చొప్పున కట్టాలంది. అప్పుడు చూడాలి హడావుడి. మా పంచాయతీకి ఒక కుర్రవాడు వచ్చాడు, పంచాయతీ ఆఫీసులో ఒక మధ్యాహ్నం కూర్చున్నాడు, ఉన్న ఇద్దరు ముగ్గుర్ని అడిగి రాసుకుపోయాడు. మంచివాడే, ఆ వారంలో ఇంకా చాలా ఊళ్లు పూర్తి చెయ్యాలట. ఆ రిజిస్టరు నేను చదివాను. మా చెరువులో బొచ్చెలు, రాగండ్లు ఉన్నాయని ఉంది. ఆ చెరువు అప్పటికి ఆరేడేళ్లుగా నిండలేదు, అందులో పిల్లకాయలు క్రికెట్ ఆడుతుండేవాళ్లు. బోద గడ్డి లేదు, ఏపి చెట్టు లేదు, నక్క లేదు. కమిటీ సభ్యుల్లో మా చిన్నాయన పేరు ఉంది. ఆ సంగతి ఆయనకు నేను చెప్పేదాకా తెలియదు.

ఆ రిజిస్టర్ని మళ్లీ రాయించండి. ఈసారి రాసేవాళ్లు మేమే. గొర్రెలు కాసేవాళ్లు, మందాకులు ఎరిగిన ముసలివాళ్లు, కట్టెలకు పోయే ఆడవాళ్లు చెబుతారు, ఊళ్లో డిగ్రీ చదివిన పిల్లలు రాస్తారు. ఏడాది పడుతుంది. పట్టనివ్వండి.

ఊళ్లోవాళ్లకు ఏం తెలుసులే అనుకునేవాళ్లకు కలివికోడి అనే పిట్ట సంగతి గుర్తు చేస్తాను. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు దాన్ని గుర్తించాడు, పుస్తకాల్లో ఆయన పేరే ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిందన్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండల దగ్గర మళ్లీ దొరికింది. వెతుకుతున్నది బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వచ్చిన శాస్త్రవేత్త భరత్ భూషణ్. రాత్రిపూట దాన్ని పట్టి చూపించింది మాత్రం ఐతన్న అనే అక్కడి వేటగాడు. పగలు పొదల్లో నక్కి రాత్రి తిరిగే పిట్ట అది. దుర్భిణి వేసుకుని ఎన్ని పగళ్లు తిరిగితే దొరుకుతుంది? తర్వాత పరిశోధకులు ఇసుక గీతల మీద దాని అడుగులు చూసి లెక్కలు కట్టారు. పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉన్నచోటే అది ఎక్కువగా ఉంటుందట. అంటే పొదలన్నీ కొట్టేసినా ఉండదు, కిక్కిరిసి పెరిగినా ఉండదు. మధ్యమధ్య మేకలు తిరిగి నేల కాస్త తెరిపిగా ఉండాలి. మేకల్ని మొత్తంగా వెళ్లగొట్టడమే సంరక్షణ అనుకునే ఆఫీసర్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల్ని చీల్చుకుంటూ పోయింది, గొడవయ్యాకే దారి మార్చారు. ఆ కాలువ గీసేటప్పుడు ఐతన్న లాంటివాళ్లను ఒక మాట అడిగి ఉంటే బాగుండేది.

కర్నూలు వైపు రోళ్లపాడుది ఇంకో కథ, ఇది దుఃఖంతో ముగిసే కథ. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. 614 హెక్టార్లు. మనిషి నడుము దాకా వచ్చే పెద్ద పిట్ట అది, దానికి ఆ జాగా ఏ మూలకు? అది తిరిగింది చుట్టూ రైతుల చేలల్లో, జొన్న, కొర్ర, చెనిక్కాయ పొలాల్లో. కాలువ నీళ్లొచ్చి పంటలు మారాయి, గడ్డి బీళ్లు తగ్గాయి. కంచె లోపల కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల పంటల మీద పడ్డాయి. రైతుకు అభయారణ్యం అంటే జింకల దెబ్బ అనే అర్థం మిగిలింది. బట్టమేక ఇప్పుడు అక్కడ కనిపించడం గగనం, దేశం మొత్తమ్మీదే నూటయాభైకి అటూ ఇటూగా ఉంటాయంటున్నారు. ఆ రైతులకు జొన్న వేసినందుకు, గూడు ఉన్న గట్టు దున్నకుండా వదిలినందుకు ఏటా ఇంత అని ఇచ్చి, వాళ్లనే కాపలాదార్లుగా పెట్టుకుని ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు చెప్పలేం. కానీ కంచె ఒక్కటే చాలదని మాత్రం తేలిపోయింది. పైగా అలాంటి గడ్డి బీళ్లలో మళ్లీ మొక్కలు నాటుతామంటారు! గడ్డి నేలను గడ్డి నేలగానే వదలాలి. జింకకు, తోడేలుకు, బట్టమేకకు చెట్ల తోపు అక్కర్లేదు.

డబ్బుతో పనిలేకుండా నడిచిన చోటూ ఉంది. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊరి నడిమధ్య చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. కొంగలొస్తే ఊరికి మంచిదని నమ్మకం. వాటి జోలికి ఎవరూ పోరు, పోనివ్వరు. వాటిని సైబీరియా కొంగలంటారుగానీ అవి సైబీరియా ముఖం చూసినవి కావు, మన దేశంలోనే ఈ చెరువు నుంచి ఆ చెరువుకు తిరిగేవి. అది వేరే సంగతి. నమ్మకం చెట్టును కాపాడగలదు. చెరువులో నీళ్లు, నీళ్లలో చేపలు లేకపోతే నమ్మకం ఏం చేస్తుంది? అక్కడ మీ పని మొదలవుతుంది.

ఇంత చెప్పాక మమ్మల్ని దేవుళ్లను చెయ్యకండి. సంఘం అంటే అందరూ మంచివాళ్లే ఉండరు. ఒక ఏడు ఎస్సీ కాలనీ నుంచి వచ్చిన ఒకామె గుట్టలో పచ్చి కొమ్మ కొట్టిందని మేం ఐదొందలు జరిమానా వేశాం. కట్టలేక కొడవలి, తాడు మా ముందు పెట్టి వెళ్లిపోయింది. అదే నెలలో రాత్రిపూట గుట్ట పాదం నుంచి గ్రావెల్ ట్రాక్టర్లు పోతుంటే అందరం చెవుల్లో దూది పెట్టుకున్నాం, ఎందుకంటే అందులో ఒక ట్రాక్టరు మా సంఘంలో పెద్దమనిషిది. మూడు నెలల తర్వాత ఒక మీటింగులో మా వీధి పిల్ల ఒకతి లేచి, "ఆయమ్మ కొమ్మ కొడితే జరిమానా, మామ గుట్టనే తవ్వుకపోతే గ్రావెలా?" అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. కొడవలి, తాడు, ఐదొందలు తీసుకుని ఇద్దరం ఆమె ఇంటికి పోయాం. జరిమానా ఆమె కట్టనే లేదు, మరి ఐదొందలు దేనికని అడిగింది. మా తప్పుకు అన్నాం. కొడవలి, తాడు తీసుకుంది, డబ్బు తీసుకోలేదు. ఇప్పుడు ఆమె మా నలుగురు కాపలాదార్లలో ఒకామె. గ్రావెల్ ట్రాక్టరు మాత్రం ఇంకా పూర్తిగా ఆగలేదు. అక్కడ మా బలం చాలదు, మీ సంతకం కావాలి.

అందుకే డబ్బు ఇచ్చేటప్పుడు లెక్క అడగండి, గట్టిగా అడగండి. సగంమంది ఆడవాళ్లున్నారా, గుట్ట మీద బతికేవాళ్లు, గొర్రెల కాపరులు సంఘంలో ఉన్నారా, పద్దు గ్రామసభలో చదివారా అని చూడండి. బతికిన మొక్కల శాతం అడగడం మానేసి, ఈ ఏడు ఎన్నిసార్లు అగ్గి పడింది, ఎంత సేపట్లో ఆర్పారు, ఎన్ని మోడులు మనిషెత్తు లేచాయి అని అడగండి. లెక్క చూడటానికి మీరు రండి, మమ్మల్ని జిల్లా కేంద్రానికి పదకొండు గంటల మీటింగుకు పిలవకండి. పొద్దున ఆరింటి బస్సు ఎక్కి వచ్చినవాడికి ఆ రోజు కూలి పోతుంది, మీటింగు ఒంటిగంటకు మొదలవుతుంది.

అడవిశాఖ వారికి ప్రత్యేకంగా: అడవి నేలను వేరే పనులకు తీసుకున్నవాళ్లు కట్టే కాంపా పరిహార నిధులను సహజ పునరుత్పత్తికి, అగ్గి నివారణకు ఖర్చు పెట్టొచ్చని 2018 నిబంధనల్లోనే ఉంది. రిజర్వు ఫారెస్టు వైపు సగానికైనా ఆ పద్దులోంచి అగ్గి పాకకుండా గడ్డి చెక్కే ఫైర్‌లైన్ కూలి ఇప్పించండి, ఆ పని కాంట్రాక్టరుకు కాకుండా సమితికి ఇవ్వండి. తుప్పు పట్టిన బోర్డుకు రంగు వెయ్యడం మాకు చేతనవును.

రెవెన్యూ వారికి: ఊరుమ్మడి నేలలను కాపాడాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో రాష్ట్రాలన్నింటికీ చెప్పింది. మా గుట్ట అడంగల్లో బంజరు అన్న చోట ఊరుమ్మడి మేత భూమి అని రాయించండి. అది కుదరదంటే, కనీసం ఆ నేలను ఎవరికి ఇవ్వబోయినా ముందు గ్రామసభలో చెప్పాలన్న ఒక ఉత్తర్వు ఇవ్వండి. పేపర్లో నోటీసు వేశాం అనొద్దు, మా ఊరికి పేపరు రెండ్రోజులకొకసారి వస్తుంది, అదీ టీ కొట్టుకే.

ఫిబ్రవరి రెండో వారంలో గుట్ట చుట్టూ గడ్డి చెక్కి ఫైర్‌లైన్ తీస్తాం. మీలో ఎవరైనా రావాలనుకుంటే పొద్దున్నే ఆరింటికల్లా రండి, పొద్దెక్కితే ఎండ నిలవనియ్యదు. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి, పల్లేరు కాయలుంటాయి. మొక్కలు తేవద్దు. రెండు నీళ్ల క్యాన్లు తెండి, పైన నీళ్లు దొరకవు. సద్దికి జొన్నరొట్టె, చెనిక్కాయల పచ్చడి మేం పెడతాం.

ఇట్లు,
గుట్ట కాసే సంఘం తరఫున
ఒక సభ్యుడు